స్పిన్‌ను ముందుగా కాళ్లతో ఆడాలి

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం అయ్యేసరికి మన విశాఖలో ఏ మైదానం చూసినా పిల్లలు బ్యాట్లు పట్టుకుని కనిపిస్తారు. ఫాస్ట్ బౌలింగ్‌కు ధైర్యంగా నిలబడతారు. అదే స్పిన్నర్ ఎవరైనా నాలుగడుగులు వేసి బంతిని తిప్పుతూ మెల్లగా గాల్లోకి వదిలితే మాత్రం తడబడిపోతారు. బంతి అంత నెమ్మదిగా వస్తుంటే టెన్షన్ ఎందుకని చూసేవాళ్లకు అనిపిస్తుంది. అసలు చిక్కంతా ఆ నెమ్మదితోనే. ఆలోచించుకునే టైం దొరుకుతుంది, ఆ టైంలో మనసు మారుతుంది. కుర్రాడు ముందుకు అడుగు వేసి మధ్యలో ఆగిపోతాడు. వికెట్ అక్కడే పోతుంది.

బంతి నేలను తాకాక పక్కకు తిరగాలంటే దానికి కొంత దూరం కావాలి. పడిన చోటికే బ్యాట్ వెళ్లి అందుకుంటే తిరగడానికి దానికి చోటే ఉండదు. అలా కాకుండా పూర్తిగా వెనక్కి, క్రీజు లోపలికి వెళ్లామనుకోండి, అది ఎటు తిరిగిందో చూసి ఆడే వ్యవధి చిక్కుతుంది. ఈ రెండూ మంచివే. బంతి పడిన చోటికి బారెడు దూరంలో బ్యాట్ నిలబడితేనే ప్రమాదం. తిరిగిన బంతి బ్యాట్ అంచుకు తగిలి కీపర్ పక్కన ఉండే స్లిప్ ఫీల్డర్‌కు పోతుంది, లేదా బ్యాట్‌కూ ప్యాడ్‌కూ తగిలి దగ్గర్లో నిలబడే షార్ట్ లెగ్ ఫీల్డర్ చేతిలో పడుతుంది. అందుకే స్పిన్‌ను ముందుగా కాళ్లతో ఆడాలంటాను. చేతుల పని ఆ తర్వాతే.

దీనికి మన పీఎం పాలెం స్టేడియమే మంచి పాఠం. 2016 నవంబరులో అక్కడ మొట్టమొదటి టెస్టు జరిగింది. భారత్‌పై ఇంగ్లండ్ లక్ష్యం 405 పరుగులు. ఓపెనర్లు కుక్, హమీద్ 50 ఓవర్లు దాటేదాకా వికెట్ పడనివ్వలేదు. ఆ పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కానీ అంతసేపట్లో వచ్చిన పరుగులు 75. పరుగులు రాకపోతే బౌలర్ తన లెంగ్త్, అంటే బంతి వేసే చోటు, మార్చుకోనక్కర్లేదు. బ్యాట్ చుట్టూ ఫీల్డర్లను మోహరించి ఒకే చోట బంతులు వేస్తూనే ఉంటాడు. ఎప్పుడో ఒకటి లేవకుండా జారిపోతుంది. భారత స్పిన్నర్ అశ్విన్ వేసిన అలాంటి బంతి కాలికి తగిలి హమీద్ ఎల్‌బీ అవుటయ్యాడు. మర్నాడు జట్టు మొత్తం 158కి ముగిసింది.

మూడేళ్ల తర్వాత, 2019 అక్టోబరులో, అదే మైదానంలో రోహిత్ శర్మ టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా దిగి 176, 127 కొట్టాడు. మ్యాచ్‌లో 13 సిక్సర్లు. సిక్సర్ల సంగతి అటుంచి, వాటి వల్ల ఏం జరుగుతుందో గమనించండి. బ్యాటర్ ముందుకొచ్చి తలమీదుగా కొడితే లాంగాన్, లాంగాఫ్ ఫీల్డర్లు బౌండరీ వైపు వెనక్కి వెళ్లక తప్పదు. వాళ్లు వెళ్లగానే సింగిల్స్ తెరుచుకుంటాయి. బౌలర్ బంతిని కాస్త కురచగా వేస్తాడు, వెనక్కి వెళ్లి కట్ చేసుకోవచ్చు. అయితే ఆ రెండు ఇన్నింగ్స్‌లోనూ రోహిత్ దక్షిణాఫ్రికా స్పిన్నర్ మహారాజ్ బౌలింగ్‌లో స్టంపౌటే అయ్యాడు, అంటే క్రీజు దాటి ఉండగా కీపర్ వికెట్లు పడగొట్టాడు. ముందుకు రావడంలో వెల చెల్లించాల్సిందీ ఉంటుంది. ఆ వెల తగ్గాలంటే బంతి చేయి దాటాకే కదలాలి. ముందే కదిలితే బౌలర్ చూసి పక్కకు వేసేస్తాడు. అడుగులు చిన్నవిగా, చురుగ్గా ఉండాలి. ముందుకు వచ్చామని కొట్టి తీరాలని కూడా లేదు. బంతి దగ్గరికి చేరాక నేలకు నొక్కి ఒక్క పరుగు తీసినా చాలు.

ఇక బంతిని పోల్చుకోవడం. కళ్లు బౌలర్ చేతి మీదే ఉండాలి. ఆఫ్ స్పిన్నర్ వేళ్లతో తిప్పుతాడు, లెగ్ స్పిన్నర్ మణికట్టుతో. లెగ్ స్పిన్నర్ గుగ్లీ, అంటే మామూలుకు ఎదురు దిశలో తిరిగే బంతి, వేసేటప్పుడు అరచేతి వెనుక భాగం మనవైపు తిరిగి కనిపిస్తుంది. అక్కడ దొరక్కపోతే గాల్లో సీమ్, అంటే బంతి కుట్టు, ఎటు తిరుగుతోందో చూడాలి. అదీ అందకపోతే వెనక్కి వెళ్లి పిచ్ మీద చూసి ఆడటమే దారి.

కాలు ముందుకు చాచి, బ్యాట్‌ను ప్యాడ్ వెనక దాచే పద్ధతి ఒకప్పుడు చాలామందిని కాపాడింది. అంత ముందుకు వచ్చినవాళ్లను అంపైర్లు అవుటివ్వడానికి వెనకాడేవారు. తీర్పును టీవీ రీప్లేతో తిరిగి చూసే డీఆర్ఎస్ వచ్చాక ఆ రోజులు పోయాయి. బ్యాట్ ప్యాడ్‌కు ముందే ఉండాలి, పట్టు వదులుగా ఉండాలి. అంచుకు తగిలినా బంతి ఫీల్డర్ దాకా పోకుండా కిందే పడుతుంది.

మోకాలు వంచి బంతిని నేల మీద ఊడ్చినట్టు పక్కకు కొట్టే స్వీప్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అది నేర్చుకోవాల్సిన షాటే. 2024 జనవరిలో హైదరాబాద్ ఉప్పల్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ ఓలీ పోప్ స్వీప్‌లు, రివర్స్ స్వీప్‌లతో 196 కొట్టి మ్యాచ్‌నే తిప్పేశాడు. అయితే అడుగులు కదలని కుర్రాడికి ముందే స్వీప్ నేర్పితే ప్రతి బంతికీ మోకాలు వంచేస్తాడు. ముందు అడుగులు, తర్వాత స్వీప్.

సాధన ఎలా ఉండాలో సచిన్‌ను చూడండి. 1998లో ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్ వస్తున్నాడని తెలిసి, మాజీ లెగ్ స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్ చేత లెగ్ స్టంప్ బయట గరుకు నేలలో బంతులు వేయించుకుని ఆడాడు. చెన్నై టెస్టు తొలి ఇన్నింగ్స్‌లో 4కే వార్న్‌కు దొరికినా, రెండో ఇన్నింగ్స్‌లో 155 నాటౌట్.

మనకు అంత బౌలర్ దొరకనక్కర్లేదు. క్రీజుకు ముందు సున్నంతో ఒక అడ్డగీత గీయండి. ఎవరినైనా బంతులు విసరమనండి. గీత ఇవతల పడితే ముందుకు, అవతల పడితే వెనక్కి. బ్యాట్ లేకుండా మొదలుపెట్టి, ముందుకు వెళ్లి బంతిని చేత్తోనే పట్టుకోవడం అలవాటు చేయండి. గీతకు ఎటువైపు పడుతుందో కన్ను పోల్చుకున్నాకే బ్యాట్ ఇవ్వండి. మన బీచ్‌లో తడి ఇసుక మీద టెన్నిస్ బంతితో ఆడే పిల్లలకు అడ్డంగా లాగి కొట్టడం బాగా అలవాటు. వాళ్లకు ఈ సాధన మరీ అవసరం.

తల్లిదండ్రులకు ఒక మాట. స్పిన్నరే కదా అని పిల్లలు హెల్మెట్ తీసేస్తుంటారు. స్వీప్ ఆడేటప్పుడు ముఖం బంతికి దగ్గరగా వంగి ఉంటుంది, పై అంచుకు తగిలితే నేరుగా కంటి మీదికే వస్తుంది. లెదర్ బాల్‌తో ఆడుతున్నంతసేపూ ఎవరు బౌలింగ్ చేస్తున్నా హెల్మెట్ తీయనివ్వకండి.

నమస్కారం.