మార్కుల పట్టీలో లేని పిల్లలు

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, బరంపురం వైపు బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని పిలిచి, లెక్కల ప్రాజెక్టుకి మీరే ఒక విషయం ఎంచుకోండి అంటే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. మార్కులు ఎవరికి ఎక్కువ, మగపిల్లలకా, ఆడపిల్లలకా? ఇంట్లో పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో జవాబు చెప్పేసి ఉంటారు. "ఆడపిల్లలు కుదురుగా కూచుని చదువుతారు, లెక్కలు మాత్రం మగపిల్లలకే వస్తాయి" అని. ఆ మాట నిజమో కాదో తామే తేల్చుకోవాలని పిల్లలకి అనిపించడం నాకు చాలా సంతోషం.

మామూలుగా ఏం చేస్తారంటే, టీచరు దగ్గర మార్కులు తీసుకుని, మగపిల్లలవి ఒకవైపు, ఆడపిల్లలవి ఒకవైపు కూడి సగటు తీస్తారు. చార్టు మీద రెండు రంగుల్లో రెండు కడ్డీలు గీస్తారు. ఏది పొడుగ్గా ఉంటే వాళ్లు గెలిచినట్టు. అసలు పని అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను, దగ్గర్లో కాగితం ఉంటే రాసుకోండి. పరీక్ష నూరు మార్కులకి. అయిదుగురు మగపిల్లలకి 20, 40, 55, 70, 90 వచ్చాయనుకుందాం. మొత్తం 275, సగటు 55. అయిదుగురు ఆడపిల్లలకి 50, 55, 58, 60, 67. మొత్తం 290, సగటు 58. ఆడపిల్లలు 3 మార్కులు ముందున్నారు. కానీ క్లాసు ఫస్టు వచ్చింది మగపిల్లవాడే, అందరికంటే వెనకబడిందీ మగపిల్లవాడే. ఆడపిల్లల మార్కులన్నీ 50కీ 67కీ మధ్యలో ఉన్నాయి. మగపిల్లలవి 20 నుంచి 90 దాకా చెదిరి ఉన్నాయి. 55, 58 అని రెండు అంకెలు చెప్పి ఊరుకుంటే ఇదేమీ తెలియదు. 20 వచ్చిన పిల్లవాడి పక్కన ఎవరో ఒకరు కూచుని చెప్పాలి అన్న సంగతి అసలే తెలియదు.

సరే, ఆ 3 మార్కుల తేడా సంగతేమిటి? అది నిజంగా ఆడ, మగ తేడాయేనా, లేక అలా కుదిరిందా? దీన్ని చూడడానికి పెద్ద సూత్రాలు అక్కర్లేదు. ఆ పది మార్కులూ పది చీటీల మీద రాయండి. పేర్లు వద్దు, ఆడో మగో కూడా రాయొద్దు. బాగా కలిపి, చూడకుండా అయిదు తీయండి. తీసిన అయిదింటికీ, మిగిలిన అయిదింటికీ సగటు కట్టి తేడా రాసుకోండి. మళ్లీ కలపండి, మళ్లీ తీయండి. పదిమంది పిల్లలు తలా పదిసార్లు చేస్తే నూరు తేడాలు చేతికొస్తాయి. పది చీటీల్లోంచి అయిదు తీసే పద్ధతులు మొత్తం 252. వాటిలో చాలావాటికి 3 మార్కులో, అంతకంటే ఎక్కువో తేడా వస్తుంది. అంటే ఆడా మగా అన్న ఊసే లేకుండా ఉత్తినే పంచినా ఇంత తేడా వస్తోందన్నమాట. అలాంటప్పుడు ఆ 3 మార్కులు పట్టుకుని ఎవరి తెలివి గురించీ తీర్పు చెప్పకూడదు. అదే తేడా వేలమంది మార్కుల్లో కనిపిస్తే అప్పుడు మాట వేరు.

కొద్దిపాటి అంకెల మీద ఎంతవరకు నమ్మకం పెట్టుకోవచ్చో లెక్క తేల్చినవాడు విలియం గోసెట్. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ఆయన ప్రచురించిన పద్ధతినే ఇవాళ కాలేజీల్లో టి-టెస్ట్ అని నేర్పుతున్నారు. మన సి.ఆర్. రావుగారు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుని ఈ గణాంక శాస్త్రంలో (స్టాటిస్టిక్స్‌లో) ప్రపంచంలోనే పెద్ద పేరు తెచ్చుకున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయనకి ప్రకటించారు. పర్లాకిమిడికి వాల్తేరు ఎంత దూరం గనక! మన పిల్లలకి ఈ పేరు తప్పకుండా చెప్పాలి.

పెద్ద ఎత్తున లెక్క తీస్తే ఏం తేలిందని మీరు అడగవచ్చు. పీసా అని పదిహేనేళ్ల పిల్లలకి చాలా దేశాల్లో పెట్టే పరీక్ష ఉంది. 2022లో ఓ.ఇ.సి.డి. అనే, ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి దేశాల సగటు చూస్తే లెక్కల్లో మగపిల్లలు 9 పాయింట్లు ముందున్నారు, చదివి అర్థం చేసుకోవడంలో ఆడపిల్లలు 24 పాయింట్లు ముందున్నారు. కొన్ని దేశాల్లో లెక్కల్లోనూ ఆడపిల్లలదే పైచేయి. లెక్కలు మగపిల్లల పుట్టుకలోనే ఉంటే దేశం మారితే ఫలితం తిరగబడదు కదా! అయితే ఆ పరీక్ష కూడా బడిలో ఉన్న పిల్లలకే పెడతారు. నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది దీని గురించే.

మన ఉదాహరణకి మళ్లీ రండి. 20 మార్కులు వచ్చిన పిల్లవాడు అసలు పరీక్షే రాయలేదనుకోండి. బాబాయితో సూరత్ మరమగ్గాల పనికి వెళ్లిపోయాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్లేవాళ్ల సంగతి మనకి తెలియనిది కాదు. ఇప్పుడు మిగిలిన నలుగురి మార్కులు 255, సగటు 63 ముప్పావు. ఇందాక 3 మార్కులు వెనకున్న మగపిల్లలు ఇప్పుడు ఇంచుమించు 6 మార్కులు ముందుకొచ్చారు. ఎవరూ ఒక్క మార్కు ఎక్కువ తెచ్చుకోలేదు. ఒక పిల్లవాడు బడి మానేశాడు, బడి సగటు పెరిగింది. చార్టు చూసి చప్పట్లు కొట్టేవాళ్లకి ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా బరువైనది. హైస్కూలు పక్క ఊళ్లో ఉందనీ, ఇంట్లో చంటిపిల్లని చూసుకోవాలనీ, సంబంధం కుదిరిందనీ మానిపించిన అమ్మాయిల మార్కులు ఏ జాబితాలోనూ ఉండవు. మెట్రిక్ దాకా నిలిచిన అమ్మాయిల్లో ఇంట్లో పోరి, అమ్మనో మాష్టారినో అడ్డం పెట్టుకుని వచ్చినవాళ్లు ఎందరో. వాళ్ల సగటు బాగుంటే, ఆడపిల్లలు ఎలాగైనా చదువుకుంటారులే అని నిశ్చింతగా ఉండిపోవడం అన్యాయం. 2011 జనాభా లెక్కల్లో ఒడిశాలో మగవాళ్లలో నూటికి ఇంచుమించు 82 మంది, ఆడవాళ్లలో 64 మంది అక్షరాస్యులు. ఆ తేడా వెనక పరీక్ష హాలు గుమ్మం కూడా చూడని మన అమ్మలూ అమ్మమ్మలూ ఉన్నారు.

మన సరిహద్దు ఊళ్లలో భాష సంగతి కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. కూడికలు చకచకా చేసేసే పిల్ల, నాలుగు వాక్యాల్లో రాసిన లెక్క దగ్గర ఆగిపోతుంది. తను ఆగింది లెక్క దగ్గరా, భాష దగ్గరా? సవర గిరిజన పిల్లలకి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి బడులు పెట్టించారు, పుస్తకాలు రాశారు. ఇవాళ మన పిల్లలు మార్కులు పోల్చేటప్పుడు, ఇంట్లో మాట్లాడే భాష ఏదని ఇంకో గడి పెడితే చాలు, ఆడ మగ తేడాలా కనిపించింది కొన్నిసార్లు భాష తేడా అని బయటపడుతుంది.

ఉపాధ్యాయులకి ఒక విన్నపం. పిల్లలు ఈ ప్రాజెక్టు చేస్తామంటే పేర్లు తీసేసి మార్కులు ఇవ్వండి. ఎవరికెన్ని వచ్చాయో నలుగురికీ తెలిస్తే తక్కువ వచ్చినవాళ్లు నలిగిపోతారు. మార్కులతో పాటు, ఈ పిల్లలు ఆరో తరగతిలో చేరిన ఏడాది ఎంతమంది మగపిల్లలు, ఎంతమంది ఆడపిల్లలు చేరారో పాత రిజిస్టరు తీసి చెప్పండి. వాళ్లలో ఈసారి పరీక్ష రాసినవాళ్లు ఎందరో, వేరే బడికి మారినవాళ్లు ఎందరో, చదువే మానేసినవాళ్లు ఎందరో పిల్లల చేతే లెక్క పెట్టించండి. ఆ అంకెల్ని సగటు కడ్డీల పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో రాయించండి.

నమస్కారం.