స్టాటా 19 డూ ఫైల్ ఎడిటర్ రివ్యూ: ఎర్ర అక్షరాలు రాని తప్పుల సంగతేంటి?

నమస్కారం అండీ. గణాంకాల విశ్లేషణకి వాడే సాఫ్ట్‌వేర్ స్టాటా. దాని 19వ వెర్షన్ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. అందులో కొత్త కమాండ్లు ఏమేం ఉన్నాయో ఈపాటికి మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అందుకే ఆ జాబితా నేను మళ్ళీ చదవను. ఈ వీడియో అంతా ఒక్క డూ ఫైల్ ఎడిటర్ గురించే, అంటే కమాండ్లన్నీ వరుసగా ఒక ఫైల్లో రాసి నడిపే కిటికీ గురించే. రీసెర్చ్ స్కాలర్లకి, సర్వే డేటా మీద పనిచేసేవాళ్ళకి రోజంతా గడిచేది ఆ కిటికీలోనే కదా.

ముందే చెప్పేస్తున్నాను, ఈ లైసెన్స్ నేను కొన్నది కాదు. ఒక శిక్షణ సంస్థ వాళ్ళు కొన్నాళ్ళు వాడి చూడమని ఇచ్చారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్ళకి ముందుగా చూపించలేదు.

నాకు బాగా నచ్చినదానితో మొదలుపెడతాను. ఆటోకంప్లీషన్. ఇప్పుడు ఎడిటర్‌లో రెండు మూడు అక్షరాలు కొడితే చాలు, మెమరీలో ఉన్న డేటాలోని వేరియబుల్ పేర్లు, అంటే ఒక్కో నిలువు వరుస పేర్లు, కిందే వచ్చేస్తాయి. మాక్రోల పేర్లు, అంటే ఒక విలువకో జాబితాకో మనం పెట్టుకునే పొట్టి పేర్లు, కూడా వస్తాయి. ఇంతేనా అనిపించొచ్చు. కానీ దీని విలువ టైపింగ్ తగ్గడంలో లేదండీ. స్టాటాలో వేరియబుల్ పేరు సగం రాసినా ఒప్పుకుంటుంది. మీ డేటాలో 'ఇన్‌కమ్ హెడ్' అనే వేరియబుల్ ఒకటుంది అనుకోండి. మీరు 'ఇన్‌కమ్' అని మాత్రమే రాశారు. అలా మొదలయ్యే పేరు ఇంకోటి లేకపోతే, అడక్కుండా దాన్నే తీసుకుంటుంది. మీరు అనుకున్న 'ఇన్‌కమ్' పైన ఎక్కడో డ్రాప్ అయిపోయి ఉంటుంది. ఎర్రర్ రాదు, ఫలితం మాత్రం వేరేదాని మీద వస్తుంది. అందుకే నా ప్రతి డూ ఫైల్‌లో పై లైన్లలోనే, సగం పేర్లు ఒప్పుకోవద్దని చెప్పే 'సెట్ వేరబ్రెవ్ ఆఫ్' ఉంటుంది. ఇప్పుడు ఆటోకంప్లీషన్ కూడా వచ్చింది కాబట్టి పూర్తి పేరు రాయడం బరువేమీ కాదు. రెండూ కలిపి వాడండి.

నేను ఈ పని మొదలుపెట్టింది ఎస్‌పీఎస్‌ఎస్ అనే ఇంకో గణాంక సాఫ్ట్‌వేర్‌లో కమాండ్లు రాస్తూ. అక్కడ ప్రతి కమాండ్ చివరా ఫుల్‌స్టాప్ పెట్టాలి. అది మరిచిపోతే ఎర్రర్ తరచూ ఆ లైన్ దగ్గర కాదు, దాని తర్వాతి కమాండ్ దగ్గర కనబడుతుంది. తప్పు ఒకచోట, కేక ఇంకోచోట. ఆ అలవాటు స్టాటాలో నాకు బాగా పనికొచ్చింది. ఎర్ర అక్షరాలు ఎక్కడ కనబడితే అక్కడే తప్పు ఉందని నేను ఎప్పుడూ నమ్మను.

ఇక నాకు ఒళ్ళు మండే విషయానికి వస్తాను. దీని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

లోకల్ మాక్రోలు మీకు తెలుసు, నడుస్తున్న ఆ డూ ఫైల్ వరకే బతికే మాక్రోలు. వయసు, కులం, జిల్లా, భూమి ఇవన్నీ 'కంట్రోల్స్' అనే ఒక లోకల్‌లో పెట్టి, కింద ఎన్ని రిగ్రెషన్లు (ఒకదానికి మిగతావాటితో ఉన్న సంబంధాన్ని అంచనా వేసే లెక్కలు) ఉన్నా ఆ ఒక్క పేరే వాడుకుంటాం. చాలా మంచి పద్ధతి. కానీ డూ ఫైల్ ఎడిటర్‌లో ఏం చేస్తామంటే, రిగ్రెషన్ లైన్ ఒక్కటే మౌస్‌తో సెలెక్ట్ చేసి రన్ కొడతాం. ఎడిటర్ ఆ ముక్కని ఒక తాత్కాలిక డూ ఫైల్‌గా నడుపుతుంది. పైన ఇచ్చిన లోకల్ దానికి తెలియదు. తెలియనప్పుడు ఆగిపోవాలి కదా? ఆగదు. స్టాటాలో లేని లోకల్ అంటే ఖాళీ. అంటే మీ రిగ్రెషన్‌లోంచి కంట్రోల్స్ మొత్తం మాయమవుతాయి, అయినా పట్టిక చక్కగా వస్తుంది, పక్కన పీ విలువలు (ఫలితం కాకతాళీయమా కాదా అని తేల్చడానికి చూసే అంకెలు) కూడా వస్తాయి. థీసిస్‌లోకి ఆ అంకెలే ఎక్కేస్తాయి.

అదే లోకల్ ఒక షరతు చివర ఉంటే అదృష్టం. 'డ్రాప్ ఇఫ్ ఏజ్ లెస్ దేన్' అని రాసి తర్వాత ఖాళీ మిగిలితే ఆర్ 198 అనే ఎర్రర్ నంబరు ఇచ్చి ఆగుతుంది. వేరియబుల్ జాబితాలో ఉన్నప్పుడు మాత్రం నోరు మెదపదు. ఇన్ని వెర్షన్లు వచ్చాయి, ఎడిటర్‌కి బుక్‌మార్కులు వచ్చాయి, ఆటోమేటిక్ బ్యాకప్ వచ్చింది, టెంప్లేట్లు వచ్చాయి. సెలెక్ట్ చేసిన ముక్కలో ఇవ్వని లోకల్ ఉంటే ఒక్క పసుపు గీత గీయడం అంత కష్టమా? నాకైతే అర్థం కాదు.

అది వచ్చేదాకా ఇలా చేయండి. ముక్కలు ముక్కలుగా నడపడం ప్రయోగాలకే ఉంచుకోండి. పేపర్లోకి వెళ్ళే ఏ అంకె అయినా, స్టాటా మూసి, మళ్ళీ తెరిచి, డూ ఫైల్ పైనుంచి కింది దాకా ఒకేసారి నడిపినప్పుడు వచ్చిందే అయి ఉండాలి. రిగ్రెషన్‌కి ముందు లైన్లో, కంట్రోల్స్ లోకల్ ఖాళీ కాదు అని ఒక 'అసర్ట్' (షరతు నిజమా కాదా చూసే కమాండ్) రాయండి. ఖాళీ అయితే అక్కడే ఆగుతుంది.

రెండో చిరాకు కూడా చెప్పేస్తాను. డూ ఫైల్ మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగితే అది ఎన్నో లైనో స్టాటా చెప్పదు. విడి లైన్ అయితే రిజల్ట్స్‌లో పైన కమాండ్ కనబడుతుంది, ఫర్వాలేదు. 'ఫర్ ఈచ్' లూప్ (ఒకే పనిని ఒక్కో వేరియబుల్ మీద మళ్ళీ మళ్ళీ చేయించేది) లోపల అయితే కమాండ్ కూడా కనబడదు. 'వేరియబుల్ నాట్ ఫౌండ్, ఆర్ 111', అంతే. దొరకని పేరు తప్ప, ఏ లైన్ దగ్గర, ఎన్నో రౌండ్‌లో, ఏమీ ఉండదు. దీనికి మందు 'సెట్ ట్రేస్ ఆన్'. లూప్‌కి ముందు పెడితే ప్రతి లైన్‌నీ, మాక్రో విప్పితే ఎలా ఉంటుందో దాంతో సహా చూపిస్తుంది. కానీ అది లోపలి ప్రోగ్రాముల్లోకి కూడా దూరిపోయి తెర నిండా వరద పారిస్తుంది. 'సెట్ ట్రేస్‌డెప్త్' తగ్గించి పెట్టుకోండి. లేదంటే నేను చేసేది చేయండి: లూప్‌లో మొదటి లైన్‌గా ఒక 'డిస్‌ప్లే' పెట్టి, ఇప్పుడు ఏ వేరియబుల్ మీద ఉన్నామో రాయించండి. ఎక్కడ ఆగిందో వెంటనే తెలిసిపోతుంది.

ఎర్రర్ వచ్చినా ఆగకుండా దాన్ని మింగేసే 'క్యాప్చర్' గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎర్రర్ వస్తోందని కమాండ్ ముందు క్యాప్చర్ తగిలించేవాళ్ళని చాలామందిని చూశాను. అది పొగ వస్తోందని అలారం పీకేయడం లాంటిది. 'క్యాప్చర్ లాగ్ క్లోజ్' వరకు సరే. డేటాని మార్చే కమాండ్ ముందు మాత్రం దయచేసి వద్దు.

ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా జరిగే ఒక తప్పు. ఒక సర్వే బృందం నాకు పంపిన ఫైల్లో ఇదే ఉంది. 2011 జనాభా లెక్కల్లో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంటుంది. దాన్ని వెయ్యితో గుణించి ఇంటి నంబరు కలిపితే ప్రతి కుటుంబానికీ తొమ్మిదంకెల ఐడీ వస్తుంది. ఆలోచన బాగానే ఉంది. 'జెన్ ఐడీ' అని రాశారు. 'జెన్' అంటే కొత్త వేరియబుల్ తయారుచేసే కమాండ్. స్టాటాలో అది మామూలుగా తయారుచేసేది ఫ్లోట్ అనే రకం సంఖ్య. ఫ్లోట్‌లో ప్రతి పూర్ణసంఖ్యా తేడా లేకుండా నిలిచేది 1,67,77,216 వరకే. అది దాటితే సంఖ్యలు గుండ్రం అయిపోతాయి. గ్రామం కోడ్ 5,70,000 అనుకుందాం. ఐడీ 57 కోట్ల దగ్గర ఉంటుంది. ఆ ఎత్తులో ఫ్లోట్ 64 చొప్పున గంతులేస్తుంది. అంటే 1వ ఇంటి నుంచి 32వ ఇంటి దాకా అన్నిటికీ ఒకే ఐడీ. 33 నుంచి 95 దాకా ఇంకో ఐడీ. 'లిస్ట్' కొట్టి చూస్తే 5.70ఈ ప్లస్ 08 అని కనబడుతుంది, అనుమానం కూడా రాదు. ఆ ఐడీ ఆధారంగా మెర్జ్ చేస్తే, అంటే రెండు ఫైళ్ళు కలిపితే, ఎవరి భూమి ఎవరి ఇంట్లో చేరుతుందో దేవుడికే తెలియాలి.

'జెన్ లాంగ్ ఐడీ' అని, అంటే పెద్ద పూర్ణసంఖ్యల రకంలో, రాస్తే ఈ గొడవే లేదు. పన్నెండంకెల కార్డు నంబర్లయితే 'డబుల్', ఇంకా మంచిది స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల్లాగానే ఉంచేయడం. ఐడీ తయారైన మరుసటి లైన్‌లో 'ఐసిడ్ ఐడీ'. రెండు వరుసలకి ఒకే ఐడీ ఉంటే అక్కడికక్కడే ఆగుతుంది. ఆ ఒక్క లైన్ ఉంటే ఆ బృందం ఫైలు నా దాకా వచ్చేదే కాదు. మెర్జ్‌లో 'ఎమ్ టు ఎమ్' (రెండు ఫైళ్ళలోనూ ఒకే ఐడీ చాలాసార్లు ఉండనిచ్చే పద్ధతి) జోలికి మాత్రం పోకండి, అది మంచి ఆలోచన కాదని స్టాటా మాన్యువలే చెబుతుంది.

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ 5, అంటే ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటా వాడేవాళ్ళు ఇది వినండి. ఆడవాళ్ళ ఫైల్లో హిమోగ్లోబిన్ వీ456 అనే వేరియబుల్‌లో ఉంటుంది. దశాంశం చుక్క ఉండదు, 12.0 అంటే 120 అని ఉంటుంది. 994 అంటే ఆ మనిషి ఇంట్లో లేరు, 995 అంటే పరీక్షకి ఒప్పుకోలేదు, 996 అంటే ఇతర కారణం. గర్భిణులు కానివాళ్ళకి 120 కంటే తక్కువైతే రక్తహీనత. మీరు 'జెన్ ఎనీమియా ఈక్వల్స్ వీ456 లెస్ దేన్ 120' అని రాసేస్తే, పరీక్షే చేయించుకోనివాళ్ళంతా ఆరోగ్యవంతుల లెక్కలో పడతారు. డేటా ఖాళీగా ఉన్నవాళ్ళు కూడా అటే వెళ్తారు. స్టాటా దృష్టిలో మిస్సింగ్ అంటే అన్ని సంఖ్యలకన్నా పెద్దది మరి. ఎర్రర్ ఉండదు. శాతం మాత్రం తగ్గిపోతుంది.

ముందు 'ఎమ్‌విడీకోడ్'తో ఆ మూడు కోడ్లనీ మిస్సింగ్‌గా మార్చండి. తర్వాత 'అసర్ట్ వీ456 లెస్ దేన్ 300 ఇఫ్ నాట్ మిస్సింగ్' అని రాయండి. తప్పితే ఎన్ని వరుసల్లో తప్పిందో లెక్క చెప్పి, ఆర్ 9 ఇచ్చి ఆగుతుంది. ఆ తర్వాత మీ కొత్త మోడల్ మొదలుపెట్టేముందు, గర్భిణులకి 110 హద్దు పెట్టి, వెయిట్లు (శాంపిల్‌ని జనాభాకి సరిచేసే తూకాలు) వేసి, రిపోర్టులో అచ్చైన అంకె మీకు వస్తోందా చూసుకోండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తానికి 57 శాతం అని ఉంటుంది. అది రాకపోతే మీ డూ ఫైల్లో ఎక్కడో తేడా ఉన్నట్టే, ముందుకి వెళ్ళొద్దు.

తెలుగు సంగతి. 2015లో వచ్చిన స్టాటా 14 నుంచి యూనికోడ్ (అన్ని లిపులూ రాసుకోగలిగే పద్ధతి) ఉంది, లేబుళ్ళు హాయిగా తెలుగులో రాసుకోవచ్చు. నేను రాస్తాను. కానీ పొడవు చెప్పే 'స్టర్‌లెన్' గుర్తులు కాదు, బైట్లు లెక్కపెడుతుంది. 'అమ్మ'కి 12 అంటుంది. 'యూ స్టర్‌లెన్' అయితే 4 (అ, మ, పొల్లు, మ). మామూలు 'సబ్‌స్టర్'తో కోస్తే అక్షరాలు సగానికి విరుగుతాయి, ముందు 'యూ' ఉన్నవే వాడండి. ఇంకో విచిత్రం, జిల్లాల పేర్లతో మెర్జ్ చేస్తే 'నిజామాబాద్' రెండు ఫైళ్ళలోనూ ఒకేలా కనబడుతుంది, అయినా కలవదు. పొల్లు తర్వాత కీబోర్డు ఒక కంటికి కనబడని గుర్తు వదిలి ఉంటుంది. అది ఖాళీ కాదు కాబట్టి ట్రిమ్‌తో పోదు. 'యూ సబ్‌ఇన్‌స్టర్'లో యూచార్ 8204 అని ఇచ్చి తీసేయండి.

వెర్షన్ లైన్ మరిచిపోకండి. ఫైలు మొదట్లో 'వెర్షన్ 19' అని ఉంటే రేపు ఏ వెర్షన్ వచ్చినా అది ఇవాళ్టిలాగే నడుస్తుంది. స్టాటా 14లో రాండమ్ నంబర్ల యంత్రమే మారిపోయింది. 'వెర్షన్ 13' అని ఉన్న పాత ఫైళ్ళు మాత్రం ఇప్పటికీ పాత యంత్రంతోనే, అదే సీడ్‌కి, అంటే మొదలుపెట్టే సంఖ్యకి, అవే నంబర్లు ఇస్తాయి. 1985 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ ఈ మాట ఇంత గట్టిగా నిలబెట్టుకోవడం నాకు నిజంగా గౌరవం కలిగిస్తుంది. ఆర్ అనే ఇంకో గణాంక సాఫ్ట్‌వేర్‌లో ప్యాకేజీలు మారిపోయి పాత స్క్రిప్టులు ఆగిపోయినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది.

మరి కొనాలా? మీ దగ్గర 17 గానీ 18 గానీ ఉంటే ఈ ఎడిటర్ కోసమే డబ్బు పెట్టొద్దు. ఆటోకంప్లీషన్ నాకు ఎంత నచ్చినా, లోకల్ మాక్రో విషయంలో ఆ మౌనం ఇంకా అలాగే ఉంది కాబట్టి నా మనసు ఒప్పుకోవట్లేదు. కొత్తగా కొనేవాళ్ళు, డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌కి తీసుకునేవాళ్ళు 19 తీసుకోండి. అయితే బీఈ (బేసిక్) ఎడిషన్‌లో 2,048 వేరియబుళ్ళే పడతాయి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఆడవాళ్ళ ఫైలు అందులో మొత్తంగా తెరుచుకోదు, కావలసిన వేరియబుళ్ళ పేర్లు 'యూజ్'లోనే ఇచ్చి తెరవాలి.

కామెంట్లలో మీ ఎర్రర్లు పంపుతానంటున్నారు, పంపండి. తెర ఫోటో మాత్రం వద్దు. 'సిస్‌యూజ్ ఆటో' అని కొడితే 74 కార్ల డేటా అందరి స్టాటాలోనూ తెరుచుకుంటుంది. మీ తప్పు దాని మీద వచ్చేలా నాలుగైదు లైన్లు రాసి, మీ వెర్షన్ ఏదో, మీరు రావాలనుకున్న ఫలితం ఏదో కలిపి పెట్టండి. వర్డ్‌లోంచి కాపీ చేయకండి, అది కొటేషన్ గుర్తుల్ని వంకర చేసేస్తుంది.