ఒక్క ‘సీ’ గ్రేడు ఎమ్మెస్ సీటుని ఎంత కదిలిస్తుంది?

[తెర: ఫోన్‌లో రిజల్ట్స్ పేజీ. అన్నీ ఏలు, బీ ప్లస్‌లు. డేటా స్ట్రక్చర్స్ పక్కన మాత్రం ‘సీ’.]

వాయిస్:
జేఎన్‌టీయూ రిజల్ట్స్‌కి అర్ధరాత్రి ముహూర్తమంటే ఎందుకో ఇష్టం. తెల్లారి అమీర్‌పేటలో కన్సల్టెన్సీ మెట్లెక్కితే వినబడే మాట కూడా పాతదే: "ఈ గ్రేడుతో కష్టమమ్మా, ప్యాకేజీ తీసుకో, చూద్దాం." ప్యాకేజీ కంటే ముందు కాగితం, పెన్ను తీయండి.

[తెర: రూళ్ల కాగితం, చేత్తో రాస్తున్న లెక్క.]

క్రెడిట్ అంటే సబ్జెక్టుకిచ్చే బరువు. బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు అనుకుందాం. ఈ సబ్జెక్టు 4 క్రెడిట్లది. ఏ వస్తుందనుకుంటే సీ వచ్చింది. ఏకి 8 పాయింట్లు, సీకి 5. తేడా 3, నాలుగు క్రెడిట్లకి 12. ఆ సెమిస్టర్‌లో 20 క్రెడిట్లుంటే 12ని 20తో భాగించాలి, అంటే ఎస్‌జీపీఏ, ఆ సెమిస్టర్ సగటు, 0.6 పడింది. ఇంట్లో గొడవ ఈ అంకె చూసే. అదే 12ని 160తో భాగిస్తే 0.075. సీజీపీఏ, అంటే మొత్తం కోర్సు సగటు, 8.10 కావలసింది 8.025 అయింది. అంతే.

అయితే ఆ 0.075 గీత దగ్గర నిలబడ్డవాళ్లని మాత్రం కిందికి తోసేస్తుంది. గేట్ పరీక్ష స్కోరుతో ఎన్ఐటీల్లో ఎంటెక్‌కి వెళ్లాలంటే చాలాచోట్ల జనరల్ కేటగిరీకి 60 శాతం లేదా 6.5 సీజీపీఏ అడుగుతారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఫార్ములా తెలిసిందే: సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో గుణించడం. 6.5కి సరిగ్గా 60 శాతం. 6.53 వచ్చేవాడు ఒక్క సీతో 6.455కి దిగితే 59.55. గేట్ ర్యాంకు ఎంత బాగున్నా ఆ తలుపు మూసుకున్నట్టే.

జర్మనీ వెళ్లేవాళ్లకి, మన గ్రేడుని జర్మన్ గ్రేడుగా మార్చే బవేరియన్ ఫార్ములా ఉంది. అక్కడ అంకె తగ్గితేనే మంచిది. గరిష్ఠం 10, పాస్ గ్రేడు 5 అనుకుంటే 7.5 సీజీపీఏ సరిగ్గా 2.5 అవుతుంది. 7.425 అయితే 2.545. యూనివర్సిటీ 2.5 అని గీత గీస్తే ఆ చిన్న తేడాకే దరఖాస్తు పక్కకి పోతుంది.

అమెరికాకి వస్తే, అక్కడ లెక్క 4 పాయింట్ల మీద. సీజీపీఏని రెండున్నరతో భాగించి "నాది 3.2" అనుకోకండి. విదేశీ మార్కుల్ని అమెరికా లెక్కలోకి మార్చే డబ్ల్యూఈఎస్‌లాంటి సంస్థలో కోర్సువారీ మదింపు చేయిస్తే ప్రతి గ్రేడునీ విడిగా మారుస్తారు. ఆ సీ అక్కడ 3.0 బదులు 2.0గా మారిందనుకున్నా, 160లో 4 క్రెడిట్లకి మొత్తం మీద పోయేది 0.025. చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు పెట్టే కనీస హద్దు 3.0. దానికి బాగా పైన ఉన్నవాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు.

[తెర: ట్రాన్స్‌క్రిప్ట్ దగ్గరగా. ఒక్క లైను మీద వేలు.]

అసలు విషయం ఇక్కడుంది. హద్దు దాటిన ఫైలుని ప్రొఫెసర్లు చదువుతారు, చదివేది సగటుని కాదు, లైన్లని. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కి రాసినవాళ్లకి మొదటి ఏడాది ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌లో సీ ఉంటే ఎవరూ ఆగరు. డేటా స్ట్రక్చర్స్‌లో ఉంటే ఆగుతారు. సిగ్నల్ ప్రాసెసింగ్ చదవాలనుకునే ఈసీఈ వాళ్లకి మ్యాథ్స్‌లో సీ అలాంటిదే. ఆగినవాళ్ల చూపు వెంటనే కిందికి వెళ్తుంది: దాని మీద కట్టిన సబ్జెక్టు ఎలా ఉంది? రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్‌లో సీ, మూడో ఏడాది అల్గారిథమ్స్‌లో ఏ ప్లస్ ఉంటే జవాబు అక్కడే దొరికింది. రెండింట్లోనూ సీ అయితే అది ఒక్క గ్రేడు కాదు, అలవాటు. కొన్ని యూనివర్సిటీలు చివరి 60 క్రెడిట్లనే విడిగా చూస్తాయి కాబట్టి మూడు, నాలుగు సంవత్సరాలకి బరువెక్కువ.

ఎఫ్ వస్తే సంగతి వేరు. సప్లీలో పాసయ్యాక కొత్త గ్రేడే సీజీపీఏలోకి వస్తుంది, సున్నా మిగలదు. కానీ సెమిస్టర్ మెమో మీద పరీక్ష నెల, సంవత్సరం అచ్చయి ఉంటాయి, బ్యాక్‌లాగ్, అంటే ఒకసారి తప్పిన సబ్జెక్టు, దాగదు. ఆర్18 రెగ్యులేషన్ (2018లో మొదలైన జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనలు) ప్రకారం డిస్టింక్షన్‌కి అన్ని సబ్జెక్టులూ మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. ఒక్క సప్లీ రాస్తే 8.6 ఉన్నా ఫస్ట్ క్లాసే. మీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం తీసి ఆ పేజీ చూసుకోండి, సీనియర్ చెప్పాడని వదిలేయకండి.

[తెర: క్యాలెండర్. రీవాల్యుయేషన్ చివరి తేదీ చుట్టూ ఎర్ర గీత.]

ఇక చేయాల్సింది. రెండు మార్కుల్లో గ్రేడు తప్పితే రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ నోటిఫికేషన్ తేదీలు చూడండి; గడువు కొద్ది రోజులే, ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. తర్వాత అదే సబ్జెక్టు మీద ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సు చేయండి. సర్టిఫికెట్‌కి అసైన్‌మెంట్లలో 25కి 10, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షలో 75కి 30 రావాలి. బొటాబొటిగా పాసైతే లాభం లేదు. బాగా వస్తేనే జత చేయండి. రికమెండేషన్ లెటర్ హెచ్ఓడీ దగ్గరే తీసుకోవాలని రూలేం లేదు. ఆ సబ్జెక్టు పైమెట్టు చెప్పిన సార్ రాస్తే, ల్యాబ్‌లో మీరు చేసిన పని పేరుపెట్టి రాస్తే, దానికి విలువ.

ఎస్ఓపీలో, అంటే దరఖాస్తుతో పంపే మీ గురించిన వ్యాసంలో, పేరాలకి పేరాలు ఏడవద్దు. రెండు వాక్యాలు చాలు: ఆ సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్‌లో సీ వచ్చింది, తర్వాత అల్గారిథమ్స్‌లో ఏ ప్లస్ తెచ్చుకుని, ఫలానా ప్రాజెక్టులో గ్రాఫ్ అల్గారిథమ్ సొంతంగా రాశాను. కారణం జ్వరమో, ఇంట్లో ఇబ్బందో నిజంగా ఉంటే అరవాక్యం. లేకపోతే కల్పించకండి. సీ గ్రేడు ముఖ్యమైన సబ్జెక్టులో కాకపోతే అసలు ఎత్తకండి, లేని అనుమానం మీరే పుట్టించినట్టవుతుంది.

"ఆ మెమో అప్‌లోడ్ చేయకు, సీఎంఎం (అన్ని సెమిస్టర్లూ కలిపిన మెమో) ఒక్కటి చాలు" అని కన్సల్టెన్సీలో ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. సెమిస్టర్ మెమోలు అడిగినచోట అన్నీ పెట్టాలి. దాచింది బయటపడితే ఇచ్చిన అడ్మిషన్‌ని కూడా రద్దు చేస్తారు.

నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా కౌంటర్ దగ్గర బ్యాక్‌లాగ్‌లెన్ని అని అడగొచ్చు. ఫైలులో ఉన్న అంకే చెప్పండి: "ఒకటి. రెండో ఏడాది. తర్వాతి సప్లీలో క్లియర్ చేశాను." ఇంకేమైనా అడిగితే అప్పుడు చెప్పొచ్చు.