బీఎస్సీ తర్వాత ల్యాబ్ దారి: తిరుపతి, చిత్తూరు విద్యార్థుల కోసం

[తెర మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల పటం. ఏర్పేడు, నాయుడుపేట, శ్రీసిటీ, చిత్తూరు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

వ్యాఖ్యాత: తిరుపతిలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్న వారిని తర్వాత ఏం చేస్తారని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబులు మూడు. బీఈడీ, గ్రూప్స్, లేదంటే బెంగళూరు వెళ్లి దొరికిన ఉద్యోగం. వాటిని తక్కువ చేయడం లేదు. అయితే మూడేళ్లు కష్టపడి చదివిన కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీతోనే బతుకు నడిపించే పరిశ్రమ ఒకటుంది. మందులు, టీకాలు, రోగ నిర్ధారణ కిట్లు, ఆహార పరీక్షలు, ఆసుపత్రుల్లో జరిగే మందుల ప్రయోగాలు, అన్నీ కలిపి దాన్ని లైఫ్ సైన్సెస్ అంటున్నారు.

చదువుకు మనకు కొదవ లేదు. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2005 నుంచి పశువైద్య విశ్వవిద్యాలయం, 2015 నుంచి కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్. పనికీ మరీ దూరం పోనక్కర్లేదు. నాయుడుపేట సెజ్‌లో, అంటే ప్రత్యేక ఆర్థిక మండలిలో, మందుల తయారీ ఉంది. కాస్త దూరమైనా పర్వాలేదనుకుంటే చెన్నై, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ, విశాఖ దగ్గర పరవాడ ఉన్నాయి. అయినా మన పిల్లలు ఇంటర్వ్యూ దాకా వెళ్లి వెనక్కి వస్తున్నారు. ఎందుకో చూద్దాం.

[దృశ్యం: ఇంటర్వ్యూ గది. బల్లకు అటువైపు మందుల ఫ్యాక్టరీ క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) మేనేజర్, ఇటువైపు బీఎస్సీ పూర్తిచేసిన అమ్మాయి.]

మేనేజర్: నువ్వు చేసిన పరీక్షలో ఫలితం లిమిట్ దాటి వచ్చిందమ్మా. ఏం చేస్తావు?

అమ్మాయి: సరైన ఫలితం వచ్చేదాకా మళ్లీ చేస్తాను సార్.

[దృశ్యం అక్కడే ఆగుతుంది.]

వ్యాఖ్యాత: వినడానికి శ్రద్ధగల జవాబులాగే ఉంది. మందుల ఫ్యాక్టరీలో మాత్రం ఇంతకన్నా ప్రమాదకరమైన జవాబు లేదు. చేయాల్సింది వేరు. పని ఆపాలి. తయారుచేసిన ద్రావణం పారబోయకూడదు. వచ్చిన అంకెను వచ్చినట్టే రాసి, వెంటనే పైవారికి చెప్పాలి. తప్పు యంత్రానిదా, మనిషిదా, మందుదా అన్నది విచారణలో తేలుతుంది. నచ్చిన అంకె వచ్చేదాకా పరీక్ష చేస్తూ పోతే నాసిరకం మందు కూడా ఏదో ఒకసారి పాసవుతుంది. ఆ మాత్ర వేసుకునే మనిషికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

[దృశ్యం: క్యూసీ ల్యాబ్. తెల్లకోటు, చేతి తొడుగులు. అనలిటికల్ బ్యాలెన్స్ దగ్గరగా.]

క్యూసీ అంటే క్వాలిటీ కంట్రోల్. బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసినవారు చాలామంది అడుగుపెట్టే గది ఇదే. పారాసిటమాల్ అట్ట మీద 500 మిల్లీగ్రాములు అని ఉంటుంది. మన దేశంలో మందుల ప్రమాణాలు చెప్పే గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం అసలు మందు 95 నుంచి 105 శాతం మధ్య ఉండాలి, అంటే 475 నుంచి 525 మిల్లీగ్రాములు. అది తేల్చేదే ఈ ల్యాబ్. సాధారణంగా 20 మాత్రలు తూచి, పొడి చేసి, అందులోంచి లెక్క ప్రకారం కొంత తీసుకుని ద్రావకంలో కరిగిస్తారు. 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టి చిన్న సీసాలో (వయల్) నింపి, అందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెడతారు. నమూనా కన్నా ముందు స్టాండర్డ్‌ను, అంటే ఎంత మందు ఉందో ముందే తెలిసిన ద్రావణాన్ని, ఐదారుసార్లు ఇంజెక్ట్ చేసి చూస్తారు. తెర మీద గీతలో లేచే శిఖరాలు, అంటే పీకులు, ఒకేలా వస్తేనే ఆ రోజు ఆ యంత్రం మాట నమ్ముతారు.

ఈ మొత్తం పని నాలుగైదు నెలల్లో చేతికి వస్తుంది. రాత రావడానికే ఎక్కువ కాలం పడుతుంది. తూకం వేయగానే బ్యాలెన్స్ నుంచి వచ్చిన స్లిప్పు అంటించాలి. యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టం, అంటే కాలమ్, ఏది వాడారో, ఎన్ని గంటలకు మొదలుపెట్టారో లాగ్‌బుక్‌లో అప్పటికప్పుడే ఎక్కించాలి. సాయంత్రం తీరిగ్గా కూర్చుని గుర్తుచేసుకుని రాయడం కుదరదు. అంకె తప్పు పడితే దాని మీద ఒక్క గీత గీయాలి, కింద పాత అంకె కనిపిస్తూనే ఉండాలి. పక్కన సరైన అంకె, కారణం, సంతకం, తేదీ. వైట్‌నర్ సీసా ఆ ల్యాబ్ లోపలికే రాదు.

[తెర మీద: డిగ్రీ ప్రాక్టికల్ రికార్డు పేజీ. ఎర్ర సిరాతో టిక్కు.]

మన కాలేజీల్లో జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. టైట్రేషన్‌లో బ్యూరెట్ రీడింగ్ 9.6 వస్తుంది. సీనియర్ రికార్డులో 10.2 ఉంటుంది. రికార్డులోకి 10.2 ఎక్కుతుంది, మార్కులూ పడతాయి. చదువుకునే రోజుల్లో అది తప్పని ఎవరికీ అనిపించదు. అదే చేయి రేపు ఫ్యాక్టరీలో అదే పని చేస్తే దాన్ని డేటా దిద్దడం అంటారు, ఉద్యోగం పోతుంది. అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. 9.6 వచ్చిన విద్యార్థి 9.6 అని రాసి, ఎందుకు తేడా వచ్చిందో రెండు వాక్యాలు రాస్తే పూర్తి మార్కులు ఇవ్వండి. దీనికి కొత్త యంత్రాలు కొనక్కర్లేదు, గ్రాంటు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇది చాదస్తం అనుకునేవారికి ఒక్క ఉదాహరణ చెబుతాను. 2013లో మన దేశపు మందుల కంపెనీ రాన్‌బాక్సీ అమెరికా విభాగం అక్కడి కోర్టులో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. నాణ్యతా నిబంధనలు పాటించకుండా మందులు తయారుచేయడం, అధికారులకు తప్పుడు సమాచారం ఇవ్వడం ఆ కేసులో ప్రధాన విషయాలు. మన దేశంలోనూ 2023 డిసెంబరులో కేంద్రం మందుల తయారీ నాణ్యతకు సంబంధించిన షెడ్యూల్ ఎం నిబంధనలను సవరించి కఠినం చేసింది. శుద్ధంగా రాయగల మనుషుల అవసరం ఇక పెరుగుతుందే గానీ తగ్గదు.

[తెర మీద: క్యూసీ నుంచి బయలుదేరే దారుల చిత్రం.]

క్యూసీలో చేరితే జీవితాంతం అక్కడే ఉండాలని లేదు. రెండు మూడేళ్లకు క్యూఏకి, అంటే క్వాలిటీ అష్యూరెన్స్‌కు మారవచ్చు. అక్కడ బ్యాచ్ రికార్డులు చదివి, మందు గేటు దాటవచ్చో లేదో చూస్తారు. అక్కడి నుంచి రెగ్యులేటరీ విభాగానికి వెళ్తే దేశదేశాల అనుమతుల కోసం దస్త్రాలు తయారుచేయడమే పని. ప్రొడక్షన్ వేరే లోకం. షిఫ్టులుంటాయి, గంటల తరబడి నిలబడాలి, కానీ మందు ఎలా తయారవుతుందో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

చట్టంలో ఉన్న మెట్టు ఒకటి చాలామంది గమనించరు. మందుల తయారీ సమర్థుడైన సాంకేతిక నిపుణుడి పర్యవేక్షణలో జరగాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. ఫార్మసీ పట్టభద్రులకు తయారీలో 18 నెలల అనుభవం ఉంటే ఆ అర్హత వస్తుంది. కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా బీఎస్సీ చేసినవారికి 3 ఏళ్లు కావాలి. అందుకే డిగ్రీలో మేజర్ ఎంచుకునే రోజే ఈ సంగతి ఆలోచించండి. చేరిపోయాక తెలుసుకుని లాభం లేదు.

[దృశ్యం: ఆసుపత్రి. రోగి పక్కన కూర్చుని అంగీకార పత్రం వివరిస్తున్న యువతి.]

ఫ్యాక్టరీ వద్దనుకుంటే ఆసుపత్రి ఉంది. కొత్త మందును రోగుల మీద ప్రయోగించి చూసేటప్పుడు వైద్యుడికి తోడుగా క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ ఉంటారు. అంగీకార పత్రంలో ఏముందో రోగికి తెలుగులో విడమరచి చెప్పడం, వచ్చే విజిట్ తేదీ గుర్తుచేయడం, ప్రతి వివరం నమోదు చేయడం వారి పని. 2019 నాటి నిబంధనల ప్రకారం తీవ్రమైన దుష్ప్రభావం ఏదైనా కనిపిస్తే పరిశోధక వైద్యుడు 24 గంటల్లోపు తెలియజేయాలి. చదువు రాని పెద్దవాళ్లతో ఓపికగా మాట్లాడగల పిల్లలకు ఈ పని బాగా నప్పుతుంది. ఆ ఓపికను ఏ సర్టిఫికెట్టూ నేర్పదు.

ఫార్మకోవిజిలెన్స్ అని ఇంకోటుంది. మందు మార్కెట్లోకి వచ్చాక ఎవరికి ఏ ఇబ్బంది కలిగిందో చదివి నమోదు చేసే పని. కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తారు, ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోవడం బాగా రావాలి.

[దృశ్యం: చిత్తూరు పరిసరాలు. మామిడి లోడుతో ట్రాక్టర్లు, వెనుక గుజ్జు ఫ్యాక్టరీ.]

చిత్తూరు వైపు వారికి మరో మాట. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలను సీజన్ కూలి పనుల చోటుగానే చూస్తారు. ప్రతి ఫ్యాక్టరీకీ ఒక ల్యాబ్ ఉంటుంది. రిఫ్రాక్టోమీటర్ మీద రెండు చుక్కలు వేసి బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి ఎంతుందో, చూస్తారు. సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేసి పులుపు లెక్కగడతారు. నమూనాలు ఇంక్యుబేటర్‌లో పెట్టి ఈస్టు, బూజు పెరుగుతున్నాయేమో గమనిస్తారు. గుజ్జు విదేశాలకు వెళ్తుంది కాబట్టి కొనేవారు ఈ కాగితాలన్నీ అడుగుతారు. ఒక్క సీజన్ ఆ ల్యాబ్‌లో పనిచేసి లాగ్‌బుక్ రాసిన అనుభవం ఉంటే మందుల కంపెనీ ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ దగ్గర నిజమైన పని ఉన్నట్టే. మే నెలలోనే వెళ్లి అడగండి. కాయ దిగిన తర్వాత వెళ్తే ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.

[తెర మీద: అప్రెంటిస్ ఒప్పంద పత్రం.]

ఇక అప్రెంటిస్‌షిప్. దీనికి 1961 నాటి చట్టం అండ ఉంది. డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవారికి నాట్స్ అనే జాతీయ పథకం కింద ఏడాది పాటు శిక్షణ, స్టైపెండ్ లభిస్తాయి. నిర్ణీత కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. మన ప్రాంత వ్యవహారాలు చూసే కార్యాలయం చెన్నైలో ఉంది. నమోదు ఆన్‌లైన్‌లోనే. చేరేటప్పుడు మూడు విషయాలు అడిగి రాయించుకోండి: ఏ విభాగంలో వేస్తారు, ఏ యంత్రం నేర్పుతారు, చివర్లో ధ్రువపత్రం ఇస్తారా. ఏడాదంతా సీసాలు కడిగించి పంపేచోట చేరితే ఆ ఏడాది పోయినట్టే.

శిక్షణ ఇచ్చి ఉద్యోగం గ్యారంటీ అని వేలకు వేలు అడిగే సంస్థల దగ్గర మాత్రం జాగ్రత్త. అమ్మానాన్నలు అప్పు చేసి కట్టేముందు, ఆ సంస్థలో నేర్చుకుని ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఇద్దరితో మాట్లాడించమని అడగండి. ల్యాబ్ లోపలికి తీసుకెళ్లి యంత్రం ఆన్ చేసి చూపించమనండి. కుదరదంటే డబ్బు కట్టకుండా వచ్చేయండి.