సైరన్ మోగితే మెట్ల కింద దూరాలా?

యాంకర్: తర్వాతి కాల్ అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ప్లేనో ఊరి నుంచి. హలో, చెప్పండమ్మా. ముందు మీ టీవీ సౌండు కాస్త తగ్గించండి.

కాలర్: ఆఁ, తగ్గించా బాబూ. మాది గుంటూరు దగ్గర పల్లె. అబ్బాయి దగ్గరికొచ్చి రెండు నెలలైంది. మొన్న టోర్నడో వస్తోందని సైరన్ మోగితే కోడలు నన్నూ పిల్లల్నీ మెట్ల కింద అరలో కూర్చోబెట్టింది. సుడిగాలికి ఇంత హడావుడా? ఎండాకాలం మా పొలాల్లో రోజూ చూసేదేగా!

నిపుణుడు: మీ కోడలు చేసిందే రైటమ్మా. మీ పొలంలో సుడిగాలి నేల కాలి పుడుతుంది, కిందనుంచి పైకి లేస్తుంది, పైన మబ్బు కూడా అక్కర్లేదు. ఇక్కడి టోర్నడో ఉరుముల మబ్బుని అంటిపెట్టుకుని ఉంటుంది. గల్ఫ్ నుంచి, అంటే మనవాళ్లు పనులకెళ్లే గల్ఫ్ కాదు, మెక్సికో పక్కనున్న సముద్రం నుంచి, తేమ నిండిన వెచ్చటి గాలి కింద వస్తుంది. పడమటినుంచి పొడిగాలి దానిపైన వస్తుంది. నేల దగ్గర గాలి ఒక దిక్కుకి మెల్లగా, పైన ఇంకో దిక్కుకి జోరుగా వీస్తుంటే మధ్యలో గాలి అప్పడాల కర్రలా అడ్డంగా దొర్లుతుంది. మబ్బులోకి ఎగదన్నే గాలి ఆ కర్రని నిలబెడుతుంది. అప్పుడు మబ్బే తిరగడం మొదలెడుతుంది. దాన్ని సూపర్‌సెల్ అంటాం. అయితే తిరిగే ప్రతి మబ్బూ టోర్నడోని దించదు. ఏది దించుతుందో ముందే చెప్పడం ఇప్పటికీ కష్టమే.

కాలర్: తుఫానైతే మాకు నాలుగు రోజుల ముందే చెప్తారు గదయ్యా.

నిపుణుడు: తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పు, రోజుల తరబడి నడుస్తుంది. ఇది చాలాసార్లు నిమిషాల్లో ముగిసిపోతుంది. హెచ్చరిక వచ్చాక పది, పదిహేను నిమిషాలు దొరికితే అదృష్టం. ఫోన్లో ‘వాచ్’ అని వస్తే వచ్చే వీలుందని, ‘వార్నింగ్’ అంటే లేచి పరిగెత్తమని.

యాంకర్: ఇర్వింగ్ నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, మాది మూడో అంతస్తు అపార్ట్‌మెంటు. టోర్నడో ఎంత బలమైందో చెప్పే ఈఎఫ్ నంబరు చూసి, అది రెండు దాటితేనే కిందికి దిగుదామని మా రూమ్మేట్ అంటాడు.

నిపుణుడు: (నవ్వుతూ) ఆ నంబరు టోర్నడో వెళ్లిపోయాక ఇస్తారు బాబూ! దాని దారిలో గాలి కొలిచే పరికరం ఉండటమే అరుదు. అందుకే సర్వే బృందం వచ్చి ఏ ఇంటి కప్పు లేచింది, ఏ గోడ పడింది, ఏ చెట్టు విరిగింది అని చూసి వేగం అంచనా వేస్తుంది. 1971లో ఫుజిటా అనే శాస్త్రవేత్త పెట్టిన ఈ పద్ధతిని సవరించి 2007 నుంచి ఈఎఫ్ అంటున్నారు. సున్నా నుంచి ఐదు దాకా. గాలి గంటకి 200 మైళ్లు దాటితే ఐదు.

ఇందులో ఒక చిక్కుంది. 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ ఊరిమీద పడింది ఈఎఫ్5, 24 మంది పోయారు. 11 రోజులకి అదే రాష్ట్రంలో ఎల్ రీనో దగ్గర 4.2 కిలోమీటర్ల వెడల్పుది వచ్చింది. బండిమీద తీసుకెళ్లే రాడార్ గంటకి దాదాపు 300 మైళ్ల వేగం చూపించింది. కానీ ఎక్కువగా పొలాల మీదనుంచి పోయింది, కూలడానికి ఇళ్లే తక్కువ. చివరికి ఈఎఫ్3 ఇచ్చారు! టోర్నడోల వెంట తిరగడంలో ఆరితేరిన టిమ్ సమారస్ తన కొడుకుతో, సహచరుడితో సహా అక్కడే చనిపోయాడు.

కాలర్: కారెక్కి పోతే? ఫ్లైఓవర్ కింద ఆగితే?

నిపుణుడు: ఫ్లైఓవర్ కింద అసలొద్దు. ఆ సందులో గాలి ఇంకా జోరెక్కుతుంది, ఎగిరొచ్చే రేకులూ కర్రలూ నేరుగా తగులుతాయి. కింది అంతస్తులో కిటికీ లేని బాత్రూమో, అరో చూసుకోండి. తలకి హెల్మెట్ ఉంటే మరీ మంచిది. కిటికీలు తెరిస్తే ఇల్లు పేలదంటారు చూడండి, అది వట్టి మాట. తెరవడానికి పోయి గాజు ముందు నిలబడొద్దు. కింది ఇంటివాళ్లతో ఇవాళే మాట్లాడి పెట్టుకోండి.

కాలర్: వాళ్లింట్లో పెద్ద కుక్కుంది సార్.

నిపుణుడు: దాంతో కూడా పరిచయం చేసుకోండి.