మేడ మీద నాలుగు సెకన్లు: గ్రహశకలం నీడను విశాఖలో పట్టుకోవడం ఎలా?

[దృశ్యం: రాత్రి. రామకృష్ణా బీచ్. దూరంగా సముద్రంలో ఓడల దీపాలు.]

నమస్కారం. రాత్రి భోజనాలయ్యాక బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చుని సముద్రం వైపు చూడటం విశాఖలో చాలామందికి అలవాటు. హార్బరులోకి వెళ్లే వంతు కోసం ఓడలు దూరాన లంగరు వేసి ఉంటాయి. వాటి దీపాల్లో ఒక్కదాన్నే కాసేపు కన్నార్పకుండా చూడండి. ఒక్కోసారి అది ఉన్నట్టుండి ఆరిపోయి, క్షణంలో మళ్లీ వెలుగుతుంది. దీపానికి ఏమీ కాలేదు. మనకూ ఆ ఓడకూ మధ్య నుంచి దీపం లేని పడవ ఒకటి దాటింది, అంతే. పడవ కంటికి కనిపించలేదు గానీ అది ఉందని తెలిసిపోయింది. దాని వేగం తెలిస్తే పొడవెంతో కూడా లెక్క కట్టవచ్చు.

అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాలు ఆకాశంలో ఇదే పని చేస్తుంటాయి. ఒక శకలం ఏదో ఒక నక్షత్రానికి సరిగ్గా ఎదురుగా వస్తే, ఆ నక్షత్రం కొన్ని సెకన్లపాటు మాయమవుతుంది. దీన్నే ఆకల్టేషన్ అంటారు.

[దృశ్యం: బొమ్మ. నక్షత్రం నుంచి సమాంతరంగా వస్తున్న కిరణాలు, మధ్యలో రాయి, భూమి మీద నీడ.]

నక్షత్రం ఎంతో దూరంలో ఉంటుంది కాబట్టి దాని కిరణాలు మన దగ్గరకు వచ్చేసరికి దాదాపు సమాంతరంగా ఉంటాయి. అందువల్ల 60 కిలోమీటర్ల రాయి నీడ భూమి మీద కూడా దాదాపు 60 కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. ఆ నీడ సెకనుకు 15 కిలోమీటర్ల వేగంతో పడమరకు పోతోందనుకుందాం. మన బీచ్‌ను తాకిన నీడ అంచు రెండున్నర సెకన్లలోపే అనకాపల్లి చేరుతుంది. నీడ నడిమి గీత మీద ఉన్నవాళ్లకు నక్షత్రం 4 సెకన్లు కనిపించదు. 4 సెకన్లను 15తో గుణిస్తే 60 కిలోమీటర్లు. సాధారణ టెలిస్కోపులో వట్టి చుక్కగా కనిపించే రాయిని మేడ మీద నిలబడి కొలిచేశాం. ఈ లెక్క మొదటిసారి చేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఈ పనిలో మన దేశానికి మంచి చరిత్ర ఉంది. 1961 అక్టోబరులో పల్లాస్ అనే పెద్ద గ్రహశకలం ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు, నైనిటాల్ వేధశాల శాస్త్రవేత్తలు కాంతిని కొలిచే పరికరంతో దాన్ని నమోదు చేశారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందు నుంచి దాటినప్పుడు, తమిళనాడులోని కావలూరులో జె. సి. భట్టాచార్య బృందం కూడా కాపు కాసింది. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని లోకానికి తెలిసింది ఆ రాత్రి పరిశీలనల వల్లే.

ఇక విశాఖ సంగతి. 1840 ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే గమనించారు. ఒక వస్తువు మరొకదాని ముందుకు వచ్చే క్షణాన్ని గడియారంతో పట్టుకోవడం ఈ ఊరికి కొత్త విద్య కాదు. మళ్లీ మొదలుపెట్టాలని నాకు గట్టి కోరిక.

[దృశ్యం: ఆంధ్ర తీరం మ్యాపు. అడ్డంగా నీడ పట్టీ.]

నీడ ఎక్కడ పడుతుందో ముందుగా ఎలా తెలుస్తుంది? నక్షత్రం స్థానమూ, శకలం కక్ష్యా రెండూ కచ్చితంగా తెలియాలి. శకలం 30 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. నక్షత్రం స్థానంలో ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3600వ వంతు) పదో వంతు పొరపాటున్నా నీడ దారి సుమారు 145 కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది. విశాఖలో కాచుకుని కూర్చుంటే అది శ్రీకాకుళం అవతల దాటిపోతుంది. పాత పట్టికలతో తరచూ ఇలాగే జరిగేది. 2013 డిసెంబరులో ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన గయా ఉపగ్రహం పరిస్థితిని మార్చేసింది. వంద కోట్లకు పైగా నక్షత్రాల స్థానాలను అది కొలిచింది. లక్షన్నరకు పైగా గ్రహశకలాల కదలికలను కూడా నమోదు చేసింది. ఇప్పుడు చాలా శకలాల నీడ దారిని కొద్ది కిలోమీటర్ల తేడాతో చెప్పగలుగుతున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన డేవ్ హెరాల్డ్ రాసిన ఆకల్ట్ అనే ఉచిత ప్రోగ్రాములో మన ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే రాబోయే ఘటనల జాబితా వస్తుంది.

ఆ జాబితా చదివేటప్పుడు ఒక జాగ్రత్త. సమయాలు అంతర్జాతీయ కాలమానంలో ఉంటాయి, మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలి. 14వ తేదీ 20:40 అని ఉంటే మనకు 15వ తేదీ తెల్లవారుజామున 2:10. తేదీ మారిందని చూసుకోక, ఒక రాత్రి ముందే టెలిస్కోపు మోసుకుని మేడెక్కినవాళ్లు నాకు తెలుసు.

[దృశ్యం: మేడ. టెలిస్కోపు, ల్యాప్‌టాప్, చుట్టూ చీకటి.]

ఆరు లేదా ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, దానికి తగిలించే వీడియో కెమెరా, జీపీఎస్ నుంచి సమయం తీసుకునే పరికరం ఉంటే చాలు. ఫోను గడియారాన్ని నమ్మకండి. పదో వంతు సెకను తప్పితే, మన లెక్కలో కిలోమీటరున్నర తప్పినట్టే.

మా మేడ మీద ఒక రాత్రి ఎలా సాగుతుందో చెబుతాను. గంటన్నర ముందే ఎక్కుతాను. సముద్రపు గాలికి అద్దం మీద తేమ పడుతుంది, పొడి బట్ట దగ్గరుండాలి. నక్షత్రాల పటం చూసుకుంటూ, ప్రకాశమైన నక్షత్రం నుంచి ఒక్కొక్క చుక్కే దాటుకుంటూ కావలసిన చుక్కను చేరుకుంటాను. రెండు నిమిషాల ముందు రికార్డింగు మొదలుపెడతాను. పక్కింటి కుక్క అరుస్తుంటుంది, హార్బరు వైపు నుంచి ఓడ కూత వినిపిస్తుంది. తెర మీద చుక్క వణుకుతూ ఉంటుంది. ఇక అది లేదు. మసకబారదు, తగ్గదు, ఉన్న చోట ఉండదంతే. ఊపిరి బిగబట్టి లెక్కపెడుతుండగానే మళ్లీ అదే చోట, ఏమీ జరగనట్టు. ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలు రికార్డింగు ఆపకూడదు, ఎందుకంటే శకలానికి తోడుగా చిన్న చంద్రుడు ఉండవచ్చు. 2013 జూన్‌లో దక్షిణ అమెరికా నుంచి చూసిన ఆకల్టేషన్‌లో, నక్షత్రం అసలు మరుగుకు ముందూ తర్వాతా లిప్తపాటు మసకబారింది. చారిక్లో అనే 250 కిలోమీటర్ల చిన్న వస్తువుకు వలయాలున్నాయని అలా బయటపడింది.

ఒక్కరు చూస్తే రాయికి అడ్డంగా ఒక్క గీత పొడవే తెలుస్తుంది. ఆకారం తెలియాలంటే చాలా గీతలు కావాలి. 2017 జులైలో అర్జెంటీనాలో అలాగే చేశారు. 650 కోట్ల కిలోమీటర్ల దూరంలోని ఆరొకోత్ అనే చిన్న వస్తువు నీడ కోసం టెలిస్కోపులను వరసగా నిలబెట్టారు. అక్కడివాళ్లు వీధి దీపాలు ఆర్పేశారు, వాహనాల వెలుగు పడకుండా ప్రధాన రహదారిని రెండు గంటలు మూసేశారు, గాలికి అడ్డుగా లారీలు నిలిపారు. అయిదు టెలిస్కోపులకు నీడ చిక్కింది. ఆ వస్తువు రెండు ముద్దలు అతుక్కున్నట్టు ఉండవచ్చని దాన్నిబట్టే అనుకున్నారు. 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక దగ్గరకు వెళ్లి తీసిన ఫొటోల్లో అచ్చం అలాగే ఉంది.

[దృశ్యం: మళ్లీ మ్యాపు. ఆరు ఊళ్ల మీద చుక్కలు.]

ఇప్పుడు మన తీరాన్ని చూడండి. తుని, ఎలమంచిలి, విశాఖ, భీమిలి, విజయనగరం, శ్రీకాకుళం. దక్షిణం నుంచి ఉత్తరానికి చూస్తే వీటి మధ్య ఒక్కోచోట సుమారు 20 కిలోమీటర్ల ఎడం. నీడ పడమరకు పోతుంటే ఒక్కో ఊరు ఒక్కో గీత పట్టుకుంటుంది. అనకాపల్లి విశాఖకు దాదాపు సరిగ్గా పడమర కాబట్టి అక్కడి గీత, మన గీత ఒకటే. అక్కడి మిత్రులు ఆ రాత్రికి ఎలమంచిలి దాకా రావాలి. 60 కిలోమీటర్ల నీడ పడితే మూడు ఊళ్లలో నక్షత్రం మరుగవుతుంది, మిగతా మూడింట అవదు. అవని చోట చూసినవాళ్లది వృథా శ్రమ కాదు. రాయి అంచు అక్కడిదాకా రాలేదని చెప్పేది వాళ్లే.

మబ్బు పడితే మాత్రం చేయగలిగింది లేదు. 2014 మార్చి 20న ఎరిగోన్ అనే శకలం మఖ నక్షత్రాన్ని కప్పింది, నీడ న్యూయార్క్ మీదుగా పోయింది. ఎందరో ఎదురుచూసినా మేఘాలు కనిపించనివ్వలేదు. మనకు అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం నమ్మదగ్గది.

ఆ ఆరు ఊళ్లలో మీరు ఎక్కడున్నా, టెలిస్కోపు ఉంటే కింద కామెంటులో ఊరి పేరు రాయండి. చూసిన రాత్రి మీ మేడ అక్షాంశ రేఖాంశాలు, మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం పంపండి. నక్షత్రం మాయం కాకపోతే "మాయం కాలేదు" అని రాసి పంపండి.