తెలియని పదం వస్తే ప్యాసేజ్ వదిలేస్తున్నారా?

నమస్తే తమ్ముళ్లు, చెల్లెళ్లు. హన్మకొండలో రూమ్ తీసుకొని బ్యాంకు ఉద్యోగాలకో, కేంద్ర ఉద్యోగాల ఎస్‌ఎస్‌సీ పరీక్షలకో ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, ఇంగ్లీష్ ప్యాసేజ్ రెండో లైన్‌లోనే తెలియని పదం వస్తుంది, అక్కడే టెన్షన్ మొదలై మిగతాదేదీ బుర్రకెక్కదు, ఏం చేయాలి?"

ముందు ప్రశ్నలు చూడండి, ఆ పదంతో అసలు పని ఉందా? చాలాసార్లు ఉండదు. బ్యాంకు ఆఫీసర్ పోస్టులకి పెట్టే ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లీష్‌కి 20 నిమిషాలే, 30 ప్రశ్నలు. పని లేని పదం దగ్గర కూర్చుంటే వచ్చిన ప్రశ్నలు కూడా పోతాయి. దాటేయండి.

పని ఉందనుకోండి. మన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, దాని మీద ప్యాసేజ్‌లో "ద బ్రిక్స్ ఆర్ సో పోరస్ దట్ దే ఫ్లోట్ ఆన్ వాటర్" అని ఉంది. పోరస్ తెలియదు, సరే, ఫ్లోట్ తెలుసు. ఇటుక నీళ్లమీద తేలాలంటే బరువుగా ఉండకూడదు, లోపల గాలి ఉండాలి. ఆప్షన్లలో హెవీ, కాస్ట్లీ, ఫుల్ ఆఫ్ టైనీ హోల్స్ ఉంటే ఏది పెడతారు? పక్క మాటే చెప్పేసింది. బట్, ఆల్దో, డిస్పైట్ కనిపిస్తే మాత్రం జాగ్రత్త, అక్కడ అర్థం ఎదురు తిరుగుతుంది.

నన్నడిగితే తెలియని పదం కంటే తెలిసిన పదమే ఎక్కువ ముంచుతుంది. "ట్రీస్ వర్ ప్లాంటెడ్ టు అరెస్ట్ సాయిల్ ఎరోజన్." అరెస్ట్ అనగానే పోలీసులు గుర్తొచ్చి క్యాప్చర్ పెట్టేస్తారు. చెట్లు నాటేది మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి, అంటే స్టాప్. మీరు ఎంచుకున్న ఆప్షన్‌ని ఆ పదం స్థానంలో పెట్టి వాక్యం మొత్తం ఒకసారి చదివితే ఈ తప్పు అక్కడే దొరికిపోతుంది.

నెగెటివ్ మార్కింగ్ ఉంది, పీవోలో తప్పుకి పావు మార్కు, ఎస్‌ఎస్‌సీ వాళ్లు డిగ్రీ అయినవాళ్లకి పెట్టే సీజీఎల్ మొదటి దశ (టైర్-1)లో అర మార్కు. ఒక్క ఆప్షన్ కూడా కొట్టేయలేకపోతే వదిలేయండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు వేల పదాల పీడీఎఫ్‌లు బట్టీ పడుతుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే వారం తిరిగేసరికి సగం గుర్తుండవు. రోజుకో ఎడిటోరియల్ తీసుకోండి, తెలియని పదం కింద గీత గీసి, అర్థం ఏమై ఉంటుందో పక్కన పెన్సిల్‌తో రాశాకే డిక్షనరీ తెరవండి. మీ ఊహ తప్పిన వాక్యాన్ని కామెంట్‌లో పెట్టండి, వచ్చే వీడియోలో విడదీసి చూద్దాం.